యుద్ధకాలంలో సైనికులకు ధైర్యమిచ్చిన మహిళలు: హైదరాబాద్ సంఘం నుంచి సావిత్రి నగల దాకా, ఈ సేవ ఎందుకు చరిత్రకెక్కలేదు?

సరోజినీ నాయుడు ఆంగ్లంలో రాసిన 'ది గిఫ్ట్ ఆఫ్ ఇండియా' మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రాణాలు కోల్పోయిన భారత సైనికుల మీద వచ్చిన కవితల్లో బాగా పేరున్నది. సాహిత్య సంకలనాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. 1917లో వెలువడిన 'ది బ్రోకెన్ వింగ్' సంపుటిలో ఈ కవితకు ఒక చిన్న గమనిక ఉంది. 1915 డిసెంబరులో 'హైదరాబాద్ లేడీస్ వార్ రిలీఫ్ అసోసియేషన్' నివేదిక కోసం దీన్ని రాశారన్నది ఆ గమనిక సారాంశం.

కవిత నిలిచింది. సైనికుల కోసం పనిచేసిన ఆ హైదరాబాద్ మహిళల సంఘం మాత్రం కవిత కింద ఒక్క వాక్యంగా మిగిలిపోయింది.

ఆ యుద్ధానికి వెళ్లిన హైదరాబాద్ అశ్వికదళానికి దిల్లీ నడిబొడ్డున విగ్రహం ఉంది. యుద్ధానికి డబ్బిచ్చిన నిజాం పేరు బ్రిటిష్ వైమానిక దళ చరిత్రలో ఉంది. సైనికులకు బట్టలు కుట్టి, సామగ్రి పంపి, వారి వెనుక ఎవరో ఉన్నారన్న నమ్మకం కలిగించిన మహిళలకు అలాంటిదేమీ లేదు. ఇతర దేశాల్లోనూ ఇలాంటి సేవకు గుర్తింపు ఆలస్యంగానే వచ్చింది, కానీ వచ్చింది. తెలుగునాట ఎందుకు రాలేదన్న ప్రశ్నకు సమాధానం ఒక్కటి కాదు.

ఎవరీ స్వచ్ఛంద సేవికలు?

యుద్ధకాలంలో మహిళల సేవ అనగానే నర్సులు గుర్తొస్తారు. ఆ తర్వాత ఆయుధం పట్టినవారు గుర్తొస్తారు. 1943లో సింగపూర్‌లో సుభాష్ చంద్రబోస్ నాయకత్వంలో ఏర్పడిన రాణీ ఝాన్సీ రెజిమెంట్, దానికి సారథ్యం వహించిన డాక్టర్ లక్ష్మీ స్వామినాథన్ గురించి చాలామందికి తెలుసు.

ఈ రెండు వర్గాలకూ చెందని మూడో వర్గం ఒకటుంది. వీరు గాయాలకు కట్లు కట్టలేదు, తుపాకీ పేల్చలేదు. మేజోళ్లు, మఫ్లర్లు, స్వెటర్లు అల్లారు. పొట్లాలు కట్టి పంపారు. రైల్వే స్టేషన్లలో, శిబిరాల్లో, యుద్ధరంగానికి దగ్గర్లో టీ క్యాంటీన్లు నడిపారు. చదువు రాని సైనికుల తరఫున ఉత్తరాలు రాశారు. పాటలు పాడారు, ఆటలాడించారు. విరాళాలు పోగుచేశారు, ఒంటి మీది నగలు తీసిచ్చారు. వీరిలో ఎక్కువమందికి జీతం లేదు, హోదా లేదు. సైన్యం జాబితాలో పేరు కూడా ఉండదు.

సైనిక పరిభాషలో వీరి పని ఫలితాన్ని 'మనోబలం' అంటారు. తిండి, మందుగుండు లాగా దాన్ని లెక్కగట్టలేం. అందుకే ఆ పని చేసినవారికి పతకం ఇవ్వడానికి ప్రమాణమేమిటో ఏ ప్రభుత్వానికీ స్పష్టంగా తెలియలేదు.

లండన్, 1914: కత్తిరించిన గుడ్డల కుప్ప

1914 ఆగస్టులో యుద్ధం మొదలయ్యేసరికి సరోజినీ నాయుడు లండన్‌లో ఉన్నారు. దక్షిణాఫ్రికా నుంచి బయల్దేరిన గాంధీ సరిగ్గా ఆ వారంలోనే అక్కడికి చేరుకున్నారు. వారిద్దరికీ తొలి పరిచయం యుద్ధ సేవ దగ్గరే జరిగింది. గాంధీ తన ఆత్మకథలో దీని గురించి రాశారు.

లండన్‌లో లైసియం అనే మహిళా క్లబ్ సైనికుల కోసం వీలైనన్ని దుస్తులు కుట్టించే బాధ్యత తీసుకుంది. సరోజిని అందులో సభ్యురాలు. ఆమె గాంధీ ముందు కొలతల ప్రకారం కత్తిరించిన గుడ్డల కుప్ప ఒకటి పెట్టి, వాటిని కుట్టించి తిరిగి అప్పగించమన్నారు. గాంధీ ఒకవైపు ప్రథమ చికిత్సలో శిక్షణ పొందుతూనే, మిత్రుల సాయంతో చేతనైనన్ని దుస్తులు కుట్టించి ఇచ్చారు.

తర్వాతి కాలంలో ఉప్పు సత్యాగ్రహంలో కలిసి నడిచిన ఇద్దరు నాయకుల స్నేహం ఇలా కుట్టుపనితో మొదలైంది. ఇందులో గమనించాల్సిన సంగతి మరొకటి ఉంది. పని అప్పగించినది సరోజిని, చేసి తెచ్చినది గాంధీ. అది ఏదో కాలక్షేపపు కుట్టుపని కాదనీ, లెక్కాపత్రం, కొలతలు, పంపిణీ ఉన్న వ్యవస్థ అనీ దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఆ బట్టలకు అంత అవసరం ఎందుకొచ్చింది?

1914 సెప్టెంబరు చివర్లో భారత సైనిక దళాలు ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవులో దిగాయి. వేడి దేశానికి తగిన పలుచటి నూలు యూనిఫాంలతోనే చాలామంది ఐరోపా చలిలోకి అడుగుపెట్టారు. కొన్ని వారాల్లోనే వారిని బురద కందకాల్లోకి పంపారు. ఆ శీతాకాలంలో ఉన్ని మేజోడు సౌకర్యం కాదు, కాళ్లను కాపాడుకునే సాధనం.

ఆ ఏడాది అక్టోబరులో లండన్‌లో 'ఇండియన్ సోల్జర్స్ ఫండ్' ఏర్పడింది. భారత సైనికులకు వెచ్చని దుస్తులు, వారి అలవాట్లకు తగిన సామగ్రి పంపడం, గాయపడినవారికి ఆసుపత్రి నడపడం దాని పనులు.

1914 క్రిస్మస్‌కు బ్రిటిష్ రాజకుమారి మేరీ పేరుతో సైనికులకు ఇత్తడి పెట్టెల్లో కానుకలు పంపారు. బ్రిటిష్ సైనికులకు పొగాకు, సిగరెట్లు పెట్టారు. సిక్కు సైనికుల పెట్టెలో పొగాకుకు బదులు పటికబెల్లం, సుగంధ ద్రవ్యాల డబ్బా ఉన్నాయి. గూర్ఖాలకు బ్రిటిష్ వారితో సమానంగా ఇచ్చారు. మిగిలిన భారతీయులకు సిగరెట్లతో పాటు పటికబెల్లం, సుగంధ ద్రవ్యాలు వెళ్లాయి. ఎవరి మతం ఏది నిషేధిస్తుంది, ఎవరి నాలుక ఏది కోరుకుంటుంది అని ఆలోచించి పెట్టె సర్దడం చిన్న విషయంగా కనిపించవచ్చు. ఇల్లు వదిలి నెలలైన సిపాయికి ఆ దినుసు వాసన ఇచ్చే ధైర్యం వేరు.

ఈ యుద్ధంలో 10 లక్షలకు పైగా భారతీయులు విదేశీ రంగాలకు వెళ్లారు. దాదాపు 74 వేల మంది తిరిగి రాలేదు. ఆంధ్ర ప్రాంతం నుంచీ మనుషులు వెళ్లారు. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం సమీపంలోని మాధవరానికి 'మిలిటరీ మాధవరం' అన్న పేరు రావడానికి కారణం ఆ యుద్ధం నుంచి తరతరాలుగా సాగుతున్న సైనిక సేవే.

హైదరాబాద్, 1915: సంఘం, కవిత, విగ్రహం

హైదరాబాద్ సంస్థానం నుంచి ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్స్ అనే అశ్వికదళం 1914లోనే ఈజిప్టుకు వెళ్లింది. మైసూరు, జోధ్‌పూర్ దళాలతో కలిసి సూయజ్ కాలువ రక్షణలో, ఆ తర్వాత పాలస్తీనా పోరులో పాల్గొంది. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ యుద్ధానికి భారీగా డబ్బిచ్చారు. ఆయన సొమ్ముతో సమకూరిన విమానాలతో బ్రిటిష్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కు 'హైదరాబాద్ స్క్వాడ్రన్' అన్న పేరు వచ్చింది. 1918లో 'బ్రిటిష్ ప్రభుత్వానికి విశ్వాసపాత్రుడైన మిత్రుడు' అన్న బిరుదు కూడా దక్కింది.

ఆ మూడు సంస్థానాల దళాల జ్ఞాపకంగా 1920లలో దిల్లీలో మూడు కంచు విగ్రహాలు వెలిశాయి. అవే తీన్‌మూర్తి. ఆ పక్కనే ఉన్న భవనం తర్వాత ప్రధాని నెహ్రూ నివాసమైంది. 2018 జనవరిలో ఆ కూడలి పేరును 'తీన్‌మూర్తి హైఫా చౌక్'గా మార్చారు.

ఆ సైనికులు ఈజిప్టులో ఉన్న కాలంలోనే హైదరాబాద్‌లో మహిళల యుద్ధ సహాయ సంఘం పనిచేసింది. దాని నివేదిక కోసం సరోజిని రాసిన కవితలో మాట్లాడేది భారతమాత. తన బిడ్డలు ఎక్కడెక్కడో పరాయి నేలల్లో, ఈజిప్టు ఇసుకలో, ఫ్రాన్స్ పొలాల్లో పడి ఉన్నారని ఆమె తలుచుకుంటుంది. యుద్ధం ముగిశాక ఈ బిడ్డల త్యాగాన్ని లోకం గుర్తుంచుకోవాలని అడుగుతుంది.

ఒక సహాయ సంఘం వార్షిక నివేదికకు ఇలాంటి కవిత అవసరం లేదు. వసూలైన సొమ్ము, పంపిన సామగ్రి వివరాలు చాలు. సరోజిని అంతటితో ఆగలేదు. సాయం చేస్తున్నాం కాబట్టి మాకు లెక్క చెప్పాల్సిన బాధ్యత మీకుంది అన్న స్వరం ఆ కవితలో ఉంది. రాజభక్తి, హక్కుల డిమాండ్ ఒకే కాగితం మీద చేరిన సందర్భమది.

సేవకు ప్రతిఫలం పతకమా, ఓటా?

వలస ప్రభుత్వం దగ్గర ఇలాంటి సేవకు ఒక గుర్తింపు ఉండేది. 1900లో నెలకొల్పిన కైసర్-ఇ-హింద్ పతకాన్ని ప్రజాసేవ చేసినవారికి, మహిళలతో సహా ఇచ్చేవారు. 1908 మూసీ వరదల్లో చేసిన సహాయానికి సరోజినికి ఆ పతకం దక్కింది. 1919లో జలియన్‌వాలాబాగ్ కాల్పుల తర్వాత ఆమె దాన్ని వెనక్కి ఇచ్చేశారు.

పతకం కన్నా పెద్ద గుర్తింపును ఆమె అప్పటికే అడిగారు. 1917 డిసెంబరులో భారత వ్యవహారాల మంత్రి మాంటెగూ మద్రాసు వచ్చినప్పుడు మహిళా ప్రతినిధి బృందానికి సరోజిని నాయకత్వం వహించి, పురుషులతో సమానంగా మహిళలకూ ఓటు కావాలని కోరారు. బ్రిటన్‌లో 1918లో 30 ఏళ్లు నిండిన, నిర్ణీత అర్హతలున్న మహిళలకు ఓటు లభించింది. యుద్ధకాలంలో మహిళలు చేసిన పని ఆ నిర్ణయానికి అనుకూల వాదనగా బాగా వినిపించింది.

భారత్‌లో ఆ నిర్ణయాన్ని రాష్ట్రాల శాసనసభలకు వదిలేశారు. 1921లో మద్రాసు ప్రెసిడెన్సీ ఆస్తి అర్హతల పరిమితితో మహిళలకు ఓటు ఇచ్చింది. కోస్తా, రాయలసీమ మహిళలు కొందరికి ఆ విధంగా అవకాశం వచ్చింది. నిజాం రాజ్యంలోని మహిళలకు రాలేదు. సైనికుల కోసం సంఘం పెట్టుకుని పనిచేసిన హైదరాబాద్ మహిళలు అటు పతకానికీ ఇటు ఓటుకూ నోచుకోలేదు.

రెండో యుద్ధం: సేవ ఒకవైపు, ఉద్యమం మరోవైపు

రెండో ప్రపంచ యుద్ధంలో 25 లక్షల మంది భారతీయులు సైన్యంలో చేరారు. 1942లో 'విమెన్స్ ఆక్సిలరీ కోర్ (ఇండియా)' ఏర్పడింది. పదివేల మందికి పైగా మహిళలు అందులో గుమాస్తాలుగా, టెలిఫోన్ ఆపరేటర్లుగా, సంకేత సమాచార విభాగాల్లో పనిచేశారు. వీరికి జీతం, యూనిఫాం ఉన్నాయి.

జవాన్ల మధ్యకు వెళ్లి వారి మనోబలం నిలబెట్టిన వారిలో బర్మా రంగంలోని 'విమెన్స్ ఆక్సిలరీ సర్వీస్ (బర్మా)' సభ్యులు ముఖ్యులు. సైనికులు వీరిని ముద్దుగా 'వాస్బీ'లు అనేవారు. 1942 ఆరంభంలో రంగూన్‌లో మొదలైన ఈ దళం, జపాన్ సేనలు బర్మాను ఆక్రమించాక భారత్‌కు చేరి మళ్లీ కూడగట్టుకుంది. సుమారు 250 మంది మహిళలు వివిధ దశల్లో ఇందులో పనిచేశారు. బ్రిటిష్, ఆంగ్లో-బర్మీస్ మహిళలు ఎక్కువ. లారీల మీద క్యాంటీన్లు పెట్టుకుని, జనరల్ స్లిమ్ నాయకత్వంలోని 14వ సైన్యం వెంట అడవి దారుల్లో సాగారు. టీ, కేకులు, సబ్బు, బ్లేడ్లు, ఉత్తరాల కాగితాలు అమ్మేవారు. వాటి కన్నా ఎక్కువగా కాసేపు కూర్చుని మాట్లాడేవారు. 14వ సైన్యంలో ఎక్కువమంది భారతీయులే. తెలుగు ప్రాంతాలు కలిసి ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్లినవారూ అందులో ఉన్నారు.

బ్రిటిష్ గాయని వేరా లిన్ 1944లో బర్మా రంగానికి వచ్చి సైనికుల కోసం పాడారు. 1985లో ఆమెకు ఆ రంగంలో సేవకు ఇచ్చే 'బర్మా స్టార్' పతకం ఇచ్చారు. మధ్యలో నాలుగు దశాబ్దాలు గడిచాయి.

భారతీయ మహిళలకు ఇక్కడో చిక్కు ఎదురైంది. భారతీయులను అడగకుండానే దేశాన్ని యుద్ధంలోకి దించారని కాంగ్రెస్ రాష్ట్ర ప్రభుత్వాలు 1939లో రాజీనామా చేశాయి. 1942లో క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. ఒకే వీధిలో ఒక ఇంటి అబ్బాయి బర్మాలో సిపాయి, మరో ఇంటి అమ్మాయి జైల్లో సత్యాగ్రహి. స్వాతంత్ర్యం తర్వాత చరిత్ర రెండో ఇంటిని గుర్తుంచుకుంది. అది సహజం. మొదటి ఇంటికి మేజోళ్లు అల్లి పంపిన చేతుల గురించి మాట్లాడితే సామ్రాజ్యాన్ని సమర్థించినట్టవుతుందేమోనన్న సంకోచం మిగిలింది. సైనికుడిని ఆదుకోవడం వేరు, అతన్ని యుద్ధానికి పంపిన ప్రభుత్వాన్ని సమర్థించడం వేరు అన్న తేడా ఆ సంకోచంలో చెరిగిపోయింది.

1962, 1965: ఉన్ని, బంగారం, సావిత్రి

స్వాతంత్ర్యం వచ్చాక ఆ చిక్కు లేదు. 1962 అక్టోబరు 20న చైనాతో యుద్ధం మొదలైంది. హిమాలయాల ఎత్తులో భారత జవాన్లకు చలిని తట్టుకునే దుస్తులు చాలినన్ని లేవన్న వార్త దేశాన్ని కలచివేసింది. ఇళ్లలో, కళాశాలల్లో మహిళలు స్వెటర్లు అల్లడం మొదలుపెట్టారు. ప్రభుత్వం జాతీయ రక్షణ నిధిని ఏర్పాటు చేసింది. డబ్బుతో పాటు బంగారమూ వచ్చింది. గాజులు, చెవి దిద్దులు, కొందరు మంగళసూత్రాలు కూడా ఇచ్చారు. తెలుగు సినీ తారలు ఊరూరా తిరిగి విరాళాలు సేకరించారు. 1963 జనవరి 27న దిల్లీలోని నేషనల్ స్టేడియంలో లతా మంగేష్కర్ అమరవీరుల స్మృతిగా పాడిన పాట ఆ కాలపు గుర్తుగా నిలిచిపోయింది.

1965లో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు మళ్లీ అదే స్పందన. నటి సావిత్రి తన నగలను ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రికి రక్షణ నిధి కోసం అందజేశారన్నది తెలుగు ప్రజలు ఇప్పటికీ చెప్పుకునే సంగతి. తెలుగునాట యుద్ధకాలపు మహిళల విరాళం గురించి ఎవరైనా ఒక్క పేరు చెప్పగలిగితే అది ఆమె పేరే. ఆమె పేరు నిలవడానికి కారణం ఆమె మహానటి కావడం.

అదే ఏడాది జరిగిన మరో సంగతి జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో చూపిస్తుంది. ఏడో నిజాం దేశ రక్షణకు 5 టన్నుల బంగారం దానమిచ్చారన్న కథ ఏళ్ల తరబడి ప్రచారంలో ఉంది. వాస్తవానికి ఆయన ఇచ్చినది 425 కిలోల బంగారం. అదీ దానం కాదు, 6.5 శాతం వడ్డీ వచ్చే జాతీయ రక్షణ గోల్డ్ బాండ్లలో పెట్టుబడి. అంత బంగారాన్ని ప్రభుత్వానికి అందుబాటులో ఉంచడం దేశానికి సాయమే, అందులో సందేహం లేదు. అయితే వడ్డీకి పెట్టిన బంగారం పన్నెండు రెట్లు పెరిగి దానంగా జనం నోట నిలిచింది. వడ్డీ ఆశించకుండా ఇచ్చిన జత గాజులు ఎవరివో ఎవరూ చెప్పుకోరు.

ఆ తర్వాతి కాలంలో ఈ సేవకు ఒక సంస్థాగత రూపం వచ్చింది. 1966లో ఆర్మీ వైవ్స్ వెల్ఫేర్ అసోసియేషన్ ఏర్పడింది. సైనికుల భార్యలు నడిపే ఈ సంఘం వీరనారుల పునరావాసం, జవాన్ల కుటుంబాల సంక్షేమం చూస్తుంది. సైనికుల కోసం విವಿధ భారతి ప్రసారం చేసే 'జయమాల' పాటల కార్యక్రమం తరాలుగా శ్రోతలకు సుపరిచితం. బస్తర్‌లోని సీఆర్‌పీఎఫ్ శిబిరాల్లో రాఖీ పౌర్ణమినాడు స్థానిక బాలికలు జవాన్లకు రాఖీలు కట్టే దృశ్యాలు ఏటా వార్తల్లో కనిపిస్తాయి. రూపం మారింది, ఉద్దేశం పాతదే.

ఇతర దేశాలు ఎలా గుర్తించాయి?

అమెరికాలో ఈ సేవకు గుర్తు ఒక తినుబండారం. 1917లో ఫ్రాన్స్‌లోని యుద్ధరంగంలో సాల్వేషన్ ఆర్మీ సేవికలు హెలెన్ పర్వియన్స్, మార్గరెట్ షెల్డన్ దొరికిన పిండి, కొవ్వుతో డోనట్లు వేయించి సైనికులకు పెట్టారు. ఆ సేవికలకు 'డోనట్ గర్ల్స్' అన్న పేరొచ్చింది. వారి జ్ఞాపకంగా 1938లో చికాగోలో మొదలైన 'నేషనల్ డోనట్ డే'ను ఇప్పటికీ జూన్ మొదటి శుక్రవారం జరుపుకుంటారు. ఆ రోజు డోనట్ తినేవారిలో చాలామందికి దాని వెనుక కథ తెలియదు. అయినా ఏటా ఒకసారి ఎవరో ఒకరు గుర్తుచేస్తారు.

వియత్నాం యుద్ధంలో అమెరికన్ రెడ్ క్రాస్ తరఫున 1965 నుంచి 1972 వరకు 627 మంది యువతులు పనిచేశారు. వీరిని 'డోనట్ డాలీస్' అనేవారు. పేరు పాత యుద్ధం నుంచి వచ్చిందే తప్ప అక్కడ డోనట్లు పంచింది తక్కువ. డిగ్రీ చదివిన ఈ యువతులు హెలికాప్టర్లలో మారుమూల స్థావరాలకు వెళ్లి సైనికులతో ఆటలు ఆడించేవారు, కబుర్లు చెప్పేవారు. ముగ్గురు అక్కడే చనిపోయారు. తిరిగొచ్చాక వీరి అనుభవాన్ని సేవగా ఒప్పుకునేందుకు చాలామంది ముందుకు రాలేదు. నవ్వుతూ చేసే పని కష్టమైన పనిగా కనిపించకపోవడమే అందుకు కారణం. వాషింగ్టన్‌లో వియత్నాం మహిళా స్మారకం 1993లో గానీ రాలేదు.

బ్రిటన్‌లో విమెన్స్ వాలంటరీ సర్వీస్‌ను 1938లో స్థాపించారు. యుద్ధకాలంలో దాని సభ్యత్వం పది లక్షలకు చేరింది. రెండో యుద్ధకాలపు మహిళల స్మారకాన్ని లండన్‌లోని వైట్‌హాల్‌లో 2005 జులైలో ఎలిజబెత్ రాణి ఆవిష్కరించారు. ఆ కంచు స్మారకంలో మనుషులు లేరు. కొక్కేలకు తగిలించిన 17 రకాల దుస్తులు మాత్రమే ఉన్నాయి. యుద్ధం ముగియగానే మహిళలు ఆ దుస్తులు విప్పి, చేసిన పని గురించి మాట్లాడకుండా ఇళ్లకు వెళ్లిపోయారన్న అర్థం అందులో ఉంది. యుద్ధకాలంలో పొలాల్లో పనిచేసిన విమెన్స్ ల్యాండ్ ఆర్మీ సభ్యుల్లో బతికున్నవారికి 2008లో ప్రభుత్వం బ్యాడ్జీలు ఇచ్చింది. అప్పటికి 60 ఏళ్లు దాటాయి.

ఈ ఉదాహరణలన్నిటిలో ఒక పోలిక ఉంది. పేర్ల జాబితా ఉన్నచోట గౌరవం ఆలస్యంగానైనా అందింది. రెడ్ క్రాస్ దగ్గర 627 అన్న అంకె ఉంది కాబట్టే వారెవరో తెలిసింది.

రెండు రకాల మరుపు

తెలుగునాట ఈ సేవ మరుగున పడడానికి రెండు వేర్వేరు కారణాలు కనిపిస్తాయి.

మొదటి, రెండో ప్రపంచ యుద్ధాల విషయంలో కారణం రాజకీయం. అవి బ్రిటిష్ వారి యుద్ధాలు. వాటికి సాయం చేసినవారిని స్వతంత్ర దేశం ఎలా తలుచుకోవాలో తేల్చుకోలేదు. అయితే అదే యుద్ధాల్లో పోరాడిన సైనికుల విషయంలో ఆ చిక్కును దేశం దాటేసింది. ఇండియా గేట్ మీద పేర్లున్నాయి, తీన్‌మూర్తి ఉంది, హైఫా యుద్ధాన్ని ఏటా స్మరించుకుంటున్నారు. సైనికుడికి వర్తించిన క్షమ అతనికి చొక్కా కుట్టిన మహిళకు వర్తించలేదు.

1962, 1965 విషయంలో ఆ సాకు కూడా లేదు. అక్కడ కారణం అలవాటు. అల్లడం, వండడం, సర్దడం, నగ తీసివ్వడం ఇంట్లో ఆడవాళ్లు ఎప్పుడూ చేసే పనులే కదా అన్న భావన. ఇంటివారి కోసం రోజూ చేసే పనినే దేశం కోసం చేసినప్పుడు అది సేవగా కనిపించలేదు. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో 25,942 మంది అమరుల పేర్లు చెక్కారు. అది ప్రాణాలిచ్చిన సైనికుల కోసం కట్టినది, అలాగే ఉండాలి. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లోని వీరుల సైనిక స్మారకం కూడా అంతే. కానీ వారి వెనుక నిలబడినవారికి మరోచోటైనా ఉండాల్సిన నాలుగు పంక్తులు లేవు.

ఇప్పుడేం చేయవచ్చు?

విగ్రహం కన్నా ముందు కావాల్సింది పేర్లు. అవి దొరికే చోట్లు ఉన్నాయి. నిజాం కాలపు పాలనా పత్రాలు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ప్రాచ్య పత్రాగారంలో ఉన్నాయి. వాటిలో చాలాభాగం పారసీ, ఉర్దూ భాషల్లో ఉంది. ఆ భాషలు వచ్చిన పరిశోధకులు ఏటికేడు తగ్గుతున్నారు. 1962, 1965 నాటి దినపత్రికల పాత సంచికలు గ్రంథాలయాల్లో ఉన్నాయి. కాగితం పెళుసెక్కి విరిగిపోకముందే వాటిని డిజిటల్ రూపంలోకి మార్చితే విరాళాలు, సేకరణ సభలు, మహిళా మండళ్ల వార్తలు వెతకడం సులువవుతుంది.

అంతకన్నా తొందరగా చేయాల్సినది మరొకటి ఉంది. 1962లో కళాశాలలో కూర్చుని స్వెటర్ అల్లిన 20 ఏళ్ల యువతి ఇవాళ ఎనభైలు దాటిన ముత్తవ్వ. ఆమె జ్ఞాపకాన్ని రికార్డు చేయడానికి పెద్ద నిధులు అక్కర్లేదు. ఫోను చాలు. ఏ ఊరు, ఏ కళాశాల, ఉన్ని ఎవరు తెచ్చారు, అల్లినవి ఎవరు తీసుకెళ్లారు, ఇంట్లో గాజులు తీసిచ్చింది ఎవరు అన్న ప్రశ్నలు చాలు. విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు, మాధవరం వంటి సైనిక గ్రామాల పాఠశాలలు ఈ పని మొదలుపెట్టవచ్చు. జవాను తిరిగి రాని ఇళ్లలో తల్లులు, భార్యలు ఉత్తరాల కట్టలు దాచుకుని ఉంటే వాటికి నకళ్లు తీయించి ఉంచవచ్చు.

గౌరవించడమంటే యుద్ధాన్ని పొగడడం కాదు. ప్రతి యుద్ధంలోనూ సైన్యం వెనుక జీతం లేని మరో శ్రమ ఉంటుందనీ, ఆ శ్రమలో ఎక్కువభాగం మహిళలదేననీ లెక్కలో చేర్చడం. 1915లో సరోజినీ నాయుడు సైనికుల తరఫున అడిగింది గుర్తుంచుకోమనే. ఆమె కవితకు చోటిచ్చిన సంఘంలోని మహిళలకు కూడా ఆ కోరిక వర్తిస్తుంది.